సున్నపురాయి మీద సున్నం

మా ఊరు మార్ల్‌బెండ్ మొత్తం సున్నపురాయి మీద కూర్చుని ఉంది. ఉత్తరాల డబ్బాకు గుంజ పాతాలని రెండడుగులు తవ్వితే చాలు, పార ఠంగుమంటుంది. ఊరికి మూడు మైళ్ళ అవతల క్వారీలో మధ్యాహ్నం మందు పేలిస్తే మా అల్మరాల్లో పింగాణీ గణగణలాడుతుంది. ఆ క్వారీవాళ్ళు రాతిని పిండి కొట్టి లారీలకెత్తి పంపిస్తారు. ఎక్కడికో వెళ్ళి, పచ్చటి గడ్డి బొమ్మ వేసిన బస్తాల్లో చేరి, ఆ పిండే మళ్ళీ మా ఊరి హార్డ్‌వేర్ షాపుకు వస్తుంది. మేం దాన్ని కొని, అదే రాయి మీద పెరుగుతున్న మా గడ్డి మీద చల్లుకుంటూ ముప్పై ఏళ్ళు గడిపేశాం. ఒహాయో రాష్ట్రంలో మాకంటే తెలివైనవాళ్ళు లేరని ఆ ముప్పై ఏళ్ళూ గట్టిగా నమ్మాం.

మాకు ఈ విద్య నేర్పినవాడు మా ఎదురింటి డెల్బర్ట్ హోఫాకర్. అతను చేసిన ఉద్యోగం ఏమిటంటే, ఆ క్వారీ గేటు దగ్గర కాటా మీద సున్నపు లారీలు తూచడం. ఇరవై ఎనిమిదేళ్ళు తూచాడు. రోజూ సాయంత్రం బూట్లకు అంటిన తెల్లపొడి గుమ్మంలో దులుపుకుని లోపలికి వెళ్ళేవాడు. ఇక్కడి నేలకు సున్నం తక్కువని ఆ మనిషే చెబితే, ఇంత పెద్దమనిషి ఊరికే అంటాడా అనుకున్నాం.

డెల్బర్ట్ మా ఊరివాడు కాదు. పెన్సిల్వేనియా కొండల్లో బ్రష్ హాలో అనే బొగ్గు గనుల పల్లెలో పుట్టాడు. అక్కడి నేల పులుపు. ఊరికే వదిలేస్తే గడ్డి కంటే నాచే ఎక్కువ పెరుగుతుంది. అందుకని అతని తండ్రి ఏటా అక్టోబరులో ఇంటి ముందు సున్నం చల్లేవాడు. చల్లే ముందు చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని రుచి చూసి, 'పుల్లగా ఉంది' అని తీర్పు చెప్పేవాడు. ఆ పల్లెలో అది పెద్ద గొప్ప కాదు, అక్కడ ఏ మట్టి నోట్లో వేసుకున్నా పుల్లగానే ఉంటుంది.

అరవై ఒకటిలో డెల్బర్ట్ పెళ్ళి చేసుకుని, క్వారీలో ఉద్యోగం దొరికి, మా ఊరు వచ్చాడు. తండ్రి ఇచ్చిన రెండు చక్రాల సున్నపు బండి, తండ్రి దగ్గర నేర్చుకున్న రుచి కూడా వెంట తెచ్చుకున్నాడు. అతని భార్య మావిస్ ఒళ్ళో ఒక కాఫీ డబ్బా ఉంది. ఆ డబ్బాలో వాళ్ళమ్మ కోసి ఇచ్చిన హైడ్రేంజియా కొమ్మ ఉంది.

ఆ కొమ్మ సంగతి ముందే చెప్పాలి. ఈ కథలో నష్టపోయింది డెల్బర్ట్ అనుకుంటారు మా వీధివాళ్ళు. నేనలా అనుకోను.

మావిస్‌ పుట్టిల్లు కూడా బ్రష్ హాలోనే. అక్కడ వాళ్ళమ్మ ఇంటి వరండా పక్కన హైడ్రేంజియా పొద ఉండేది. బట్టలకు పెట్టే నీలిమందు రంగులో, పిల్లల తలకాయలంత గుత్తులు పూసేది. కూతుళ్ళిద్దరికీ ఆవిడ ఒకేరోజు చెరొక కొమ్మ ఇచ్చింది. చెల్లెలు లుయెల్లా పక్క పొలంలోకే కాపురానికి వెళ్ళింది, ఆమె కొమ్మ నీలంగా పూసింది. మావిస్ కొమ్మ మా ఎదురింటి ముందు పొదై, గులాబీ రంగు పూసింది. మొదటి ఏడు మావిస్ నవ్వింది. మూడో ఏడు నవ్వలేదు. అయిదో ఏట ఏదో పత్రికలో చదివిందట, నేల పుల్లగా ఉంటే ఈ పువ్వు నీలం, సున్నం ఎక్కువైతే గులాబీ అని. పత్రిక పట్టుకెళ్ళి మొగుణ్ణి అడిగింది.

డెల్బర్ట్ పెరట్లోకి వెళ్ళి మట్టి నాలుక మీద వేసుకుని వచ్చాడు. మన నేల పులుపే, అందుకే కదా ఏటా సున్నం వేస్తున్నాను, సరిగ్గా లెక్కప్రకారం వేస్తున్నాను, కాబట్టి నేలలో లోపం లేదు, లోపముంటే కొమ్మలోనే ఉండాలి అన్నాడు.

అంతే. మావిస్ ఆ రాత్రే ఫోను చేసి, లుయెల్లాకు మంచి కొమ్మ ఇచ్చి నాకు వేరే పొదది ఏదో అంటగట్టావు అని తల్లిని అడిగేసింది. ఒకే పొదమ్మా, ఒకే కత్తెర అంది తల్లి. మావిస్ నమ్మలేదు. చిన్నప్పటి నుంచీ లుయెల్లాకు ఇచ్చిన గౌన్లు, బూట్లు అన్నీ ఆ ఫోనులోకి వచ్చాయి. తర్వాత కూడా పండగలకు వెళ్ళేవాళ్ళు, కేకులు తినేవాళ్ళు. కానీ తల్లీ కూతుళ్ళ మధ్య ఆ పువ్వు మాట మళ్ళీ రాలేదు. డెబ్భై తొమ్మిదిలో తల్లి పోయింది. మావిస్ ఈ సంగతి మా ఆవిడకు చెప్పుకుని, అమ్మ మంచిదే కానీ నా దగ్గర మాత్రం ఒక అబద్ధం ఆడింది అనేది. ఆమె మనసులో ఆ ముల్లు అలాగే ఉండిపోయింది.

డెల్బర్ట్‌కు ఇవేవీ పట్టలేదు. అతనికి వీధి ఉంది. అక్టోబరు మొదటి శనివారం ఉదయం బండి బయటికి తీస్తాడు. చొక్కా చేతులు మడిచి, మట్టి రుచి చూసి, తల ఆడిస్తాడు. కిటికీల్లోంచి చూస్తున్న మేం కూడా మా మా బండ్లు తీస్తాం. పదకొండు గంటలకల్లా పద్నాలుగు ఇళ్ళ ముందు నేల పిండి జల్లినట్టు తెల్లబడిపోయేది. వీధిలో ఎవరైనా కొత్తగా దిగితే పాస్టర్‌గారి కంటే ముందు డెల్బర్ట్ వెళ్ళి, వాళ్ళ మట్టి రుచి చూసి వచ్చేవాడు. ఒక్క ఇంటి మట్టి కూడా ఆ నాలుకకు తియ్యగా తగల్లేదు.

మధ్యాహ్నం వాళ్ళింట్లో కాఫీ. మా ఊరి నీళ్ళకు కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. మావిస్ నెలకోసారి వెనిగర్ పోసి మరిగించి, ఆ సున్నాన్ని గీకి పారేసేది. మేం ఆ కాఫీ తాగుతూ, నేలకు ఇంకా ఎంత సున్నం కావాలో మాట్లాడుకునేవాళ్ళం.

ఊరి తోటల సంఘంవాళ్ళు వేసవిలో నెలకొక ఇల్లు ఎంచి, 'ఈ నెల మేటి పచ్చిక' అన్న చెక్క బోర్డు ఆ ఇంటి ముందు పాతుతారు. జూన్ నెల బోర్డు డెల్బర్ట్‌దే. పదకొండు సార్లు వచ్చింది. ఆ నెలంతా అతను గడ్డి కోస్తూ బోర్డు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగేవాడు.

ఇక్కడ నా గుట్టు ఒకటి విప్పాలి. ఎనభై ఆరులో నా నడుం పట్టేసింది. ఆ ఏడు సున్నం బస్తా కొన్నాను గాని ఎత్తి బండిలో పోయలేకపోయాను. డెల్బర్ట్ అడిగితే, తెల్లారుజామునే చల్లేశాను అన్నాను. మరుసటేడు నడుం బాగానే ఉంది, కానీ అబద్ధం హాయిగా ఉంది. అలా ఆరేళ్ళు, పన్నెండు బస్తాలు, అన్నీ మా ఇంటి కింద గదిలో పేర్చుకుంటూ వచ్చాను. డెల్బర్ట్ మా గడ్డి చూసినప్పుడల్లా, చెప్పినమాట వింటే ఎలా ఉంటుందో చూడండి అని వీధిలో నన్నే ఉదాహరణగా చూపించేవాడు. నేను వినయంగా తల వంచుకునేవాణ్ణి.

తొంభై రెండు మే నెలలో డెల్బర్ట్ గడ్డి పచ్చబడలేదు. పసుపుపచ్చ అయింది. దూరం నుంచి చూస్తే కామెర్ల మనిషి కళ్ళలా ఉంది. వీధిలో మిగతావాళ్ళదీ అంతో ఇంతో అదే దారి. జూన్ ఒకటిన తోటల సంఘంవాళ్ళు బోర్డు పట్టుకొచ్చి, డెల్బర్ట్ ఇంటి ముందు ఒక నిమిషం ఆగి, రోడ్డు దాటి, మా ఇంటి ముందు పాతారు.

సాయంత్రం డెల్బర్ట్ వచ్చాడు. బోర్డు వంక చూడకుండా నా గడ్డి మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"హార్లన్, నిజం చెప్పు. పోయినేడు ఎన్ని బస్తాలు వేశావ్?"

అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. మనిషి ముఖం చూస్తే ధైర్యం రాలేదు.

"నువ్వు చెప్పినట్టే రెండు" అన్నాను.

అతను గడ్డి దుబ్బు ఒకటి వేళ్ళతో విడదీసి చూశాడు. "అయితే మా నేలకి నీ నేల కంటే పులుపెక్కువ" అని తేల్చుకుని వెళ్ళిపోయాడు. మర్నాడే, అక్టోబరు దాకా ఆగకుండా, నాలుగు బస్తాలు తెచ్చి చల్లాడు. వానలు పడ్డాయి. గడ్డి ఇంకా పాలిపోయింది. అతను ఇంకో రెండు తెచ్చాడు. నేను మా కిటికీ తెర వెనక నిలబడి చూశాను. సిగ్గుపడ్డాను గాని, బయటికి వెళ్ళి ఆపానని మాత్రం చెప్పలేను.

వారం తర్వాత మావిస్ మా వంటింటి తలుపు తట్టింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీ గడ్డి ఎందుకు బాగుంది, హార్లన్?" అంది.

మొగుడికి చెప్పలేనిది ఆమెకు చెప్పేశాను. కిందికి తీసుకెళ్ళి పన్నెండు బస్తాలూ చూపించాను. మావిస్ ఆ బస్తాల మీద చెయ్యి వేసి నిలబడింది. నవ్వుతుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. వెనక్కి తిరిగి మెట్లెక్కుతూ, జిల్లా వ్యవసాయ ఆఫీసులో మట్టి చూసి చెబుతారట కదా, ఎంత మట్టి కావాలి అని అడిగింది. గిన్నెడు చాలన్నాను. ముప్పై ఏళ్ళ నుంచి ఆ ఆఫీసు పోస్టాఫీసు పక్కనే ఉంది. మా వీధినుంచి ఒక్కరూ లోపలికి వెళ్ళలేదు. డెల్బర్ట్ నాలుక ఉండగా ఆఫీసెందుకు మాకు.

మూడు వారాలకు కాగితం వచ్చింది. ఏడు మధ్య అనుకోవాలట, అంతకు దిగితే పులుపు, ఎక్కితే సున్నం. గడ్డికి ఆరున్నర చుట్టూ ఉంటే మంచిది. హోఫాకర్‌వాళ్ళ నేల ఎనిమిదికి ఒక్క చుక్క తక్కువ. కింద పెద్ద అక్షరాల్లో సున్నం వేయవద్దు అని ఉంది.

డెల్బర్ట్ ఆ కాగితం చదివి, మావిస్ మట్టి తీసిన గిన్నె సరిగ్గా కడగలేదన్నాడు. కెటిల్ కడిగిన చేత్తో తీసి ఉంటుందన్నాడు. ఆఖరికి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సాక్షిగా నన్ను వెంటేసుకుని ఆఫీసుకు వెళ్ళాడు.

అక్కడ కోరిన్ ఆష్‌బా అని ముప్పై ఏళ్ళ అమ్మాయి ఉంది. గోళ్ళ నిండా మట్టి. డెల్బర్ట్ తన తండ్రి దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. ఆమె ఓపిగ్గా విని, మీరు ఉద్యోగం ఎక్కడ చేశారండి అని అడిగింది. క్వారీలో అన్నాడు. ఆమె గోడ మీద జిల్లా పటం వంక ఒకసారి చూసింది.

"సరే, ఎక్కువైంది. తియ్యడానికి ఏం వెయ్యాలి?" అన్నాడు డెల్బర్ట్.

"ఏమీ వెయ్యకండి."

"ఏమీ అంటే?"

"ఏమీ అంటే ఏమీ. కింద రాయే సున్నం, పైన మీరు ముప్పై ఏళ్ళు పోశారు. దాన్ని తియ్యడం మన వల్ల కాదు. గడ్డికి ఇనుము అందక పసుపెక్కింది. ఇనుము కలిపిన నీళ్ళు చల్లితే కాస్త పచ్చబడుతుంది. మిగతాది వదిలెయ్యండి."

డెల్బర్ట్‌కు ఆ మందు మింగుడు పడలేదు. గడ్డికి చేటు చేశావంటే ఓర్చుకునేవాడేమో. శనివారం పూట చేతులు కట్టుకుని కూర్చోమంటే ఎలా ఓర్చుకుంటాడు. లేవబోతూ, గుర్తొచ్చినట్టు, మా ఆవిడ హైడ్రేంజియా గులాబీ రంగు పూస్తుంది, అది కూడా నా తప్పేనా అన్నాడు వెటకారంగా.

"కాదండి. ఈ ఊళ్ళో మీరు సున్నం వెయ్యకపోయినా అది గులాబీయే" అంది ఆమె. డెల్బర్ట్ నా వైపు తిరిగి, విన్నావా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. కారులో ఇంటిదాకా అదే మాట. ఒక్కదాంట్లోనైనా గెలిచాడు కదా.

అయినా తండ్రిని ఓడిపోనివ్వలేకపోయాడు. ఆగస్టు చివర బ్రష్ హాలో వెళ్ళి, తండ్రి పాత ఇంటి ముందు, ఏళ్ళ తరబడి సున్నం పడని మట్టి డబ్బాలో నింపుకొచ్చి, ఎక్కడి మట్టో రాయకుండా అదే ఆఫీసుకు పంపాడు. ఆ పుల్లటి మట్టికీ సున్నం వద్దంటే ఆఫీసే తప్పని తేలుతుందని అతని ఆశ. కాగితం వచ్చింది. అయిదు. పులుపు చాలా ఎక్కువ, సున్నం తప్పనిసరి అని రాశారు. డెల్బర్ట్ చేతిలో ఆ కాగితంతో రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చి, నన్ను వాళ్ళ వంటింటికి లాక్కెళ్ళాడు.

"చూశావా? మా నాన్న కరెక్టే. ఆయన నాలుక అబద్ధం చెప్పలేదు" అన్నాడు. ఆ వయసులో అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ముచ్చటేసింది, నిజం చెప్పొద్దూ.

మావిస్ చేతులు తుడుచుకుని వచ్చి, రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుంది. ఒకటి ఎనిమిది, ఒకటి అయిదు. పొయ్యి మీద కెటిల్ ఈలేస్తుంటే నేనే లేచి కట్టేసి మళ్ళీ కూర్చున్నాను.

"అయితే మా అమ్మ కూడా అబద్ధమాడలేదు" అంది.

"మీ అమ్మనెవరన్నారు? ఇక్కడ అదెట్లాగూ గులాబీయేనంట, సున్నంతో పని లేదంట. ఆ పిల్లే చెప్పింది, హార్లన్‌నడుగు."

"మన నేల పులుపన్నావు, డెల్. పత్రిక పట్టుకొచ్చి అడిగితే లోపం కొమ్మలో ఉందన్నావు. నువ్వు అమ్మనేమీ అనలేదు. అన్నదాన్ని నేనే. ఫోనులో అన్నాను. ఒకే పొదమ్మా అని ఎంత చెప్పినా వినలేదు. చచ్చిపోయేదాకా వినలేదు."

ఇందాక తన తండ్రి గెలిచినందుకు కన్నీళ్ళు పెట్టుకున్న డెల్బర్ట్, ఇప్పుడు బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. మావిస్ అవి లాక్కుని తన ఏప్రన్ జేబులో పెట్టుకుంది. నేను టోపీ తీసుకుని వచ్చేశాను. పన్నెండు బస్తాల సంగతి నా చేత ఆమె ఎప్పుడూ బయటపెట్టించలేదు. ఆ మంచితనానికి నేను తగనని నాకు తెలుసు.

ఆ అక్టోబరు మొదటి శనివారం డెల్బర్ట్ బండి బయటికి రాలేదు. వీధి మొత్తం కిటికీల్లో నిలబడి పది దాకా చూసింది. ఆఫీసువాళ్ళు సున్నం వద్దంటున్నారని నేనే ఇంటింటికీ తిరిగి చెప్పాను. బోర్డు మళ్ళీ నీకే రావాలని మా చేత మానిపిస్తున్నావా అన్నారు. డెల్బర్ట్ దొంగచాటుగా తెల్లారకముందే చల్లేసి ఉంటాడని తీర్మానించుకుని, పోయినేటి కంటే ఒక్కో బస్తా ఎక్కువే వేశారు.

మరుసటేడు మే చివర, సమాధులకు పూలు పెట్టే రోజుకు, వాళ్ళిద్దర్నీ బ్రష్ హాలో నేనే తీసుకెళ్ళాను. డెల్బర్ట్‌కు కంటి ఆపరేషన్ అయింది, కారు నడపకూడదన్నారు. మావిస్ ఒళ్ళో మళ్ళీ కాఫీ డబ్బా. గులాబీ పొద నుంచి తనే కోసి వేరు తెప్పించిన కొమ్మ అందులో ఉంది. మూడు వందల మైళ్ళూ డబ్బాను రెండు చేతులతో పట్టుకునే ఉంది.

కొండ మీద చిన్న చర్చి, వెనక సమాధులు. లుయెల్లా మా కోసం ఎదురుచూస్తోంది. అక్కాచెల్లెళ్ళు ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, వినాలని దగ్గరికి పోలేదు. మావిస్ తల్లి రాయి పక్కన మోకరిల్లి గుంట తవ్వింది. ఇక్కడ పార ఎక్కడా ఠంగుమనలేదు. కొమ్మ నాటి, మట్టి కప్పి, చేత్తో అదిమింది.

డెల్బర్ట్ ఊరుకుంటాడా. వంగి సమాధి మీది నాచు గోటితో గీకాడు. చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకున్నాడు.

"పుల్లగా ఉంది" అన్నాడు. ముప్పై రెండేళ్ళలో మొదటిసారి ఆ మాట నిజమైంది. "కాస్త సున్నం పడితే ఈ నాచంతా పోయి గడ్డి లేస్తుంది. డిక్కీలో బస్తా తెచ్చాను."

నేను డిక్కీ వంక చూశాను. దుప్పటి కింద ఎప్పుడు దాచాడో నాకు తెలియదు. కొండెక్కుతుంటే కారు ఎందుకు మూలిగిందో అప్పుడు అర్థమైంది.

మావిస్ లేవలేదు. తల కూడా ఎత్తలేదు.

"డెల్, మా అమ్మ మాట నిజం కావాలంటే ఈ నేల పుల్లగానే ఉండాలి. ఆ బస్తా దించావంటే నువ్వు ఇక్కడే ఉండిపో."

డెల్బర్ట్ నాలుక మీది మట్టి ఉమ్మేసి, చేతులు దులుపుకున్నాడు. తర్వాత టోపీ తీసి, అత్తగారి రాయి వైపు తిరిగి నిలబడ్డాడు. ఏదో అన్నాడు గాని చాలా చిన్నగా అన్నాడు. బస్తా మాతోపాటే మూడు వందల మైళ్ళు వెనక్కి వచ్చింది. ఇప్పుడది గాలికి వాళ్ళ గరాజ్ తలుపు కొట్టుకోకుండా అడ్డంగా ఉంటోంది.

ఆ ఏడు కొమ్మ పూయలేదు. తర్వాతి జూలైలో లుయెల్లా ఫోటో పంపింది. మావిస్ దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించింది. కాఫీకి పాలు తీసినప్పుడల్లా డెల్బర్ట్ దాని ముందు నిలబడాల్సిందే. పక్కన గోడకు టెలిఫోను ఉంది. ఫోటో వచ్చిన రోజు ఆ టెలిఫోను చేతిలోకి తీసుకుని, తల్లి పాత నెంబరు సగం తిప్పి పెట్టేశానని మావిస్ మా ఆవిడకు చెప్పిందట. పువ్వు నీలం.